ఎర్ర మందు పెట్టిన బోల్టు ఎట్ల ఊడుతది?

ప్రశ్న: అన్నా, మాది హాలియా పక్క ఊరు. ట్రాక్టరుకు ఐదడుగుల రోటవేటర్ కట్టుకొని కిరాయికి దున్నుత. బ్లేడ్ల బోల్టులు రెండు మూడు రోజులకోసారి లూజైతున్నయి. రెండు బ్లేడ్లయితే పొలంలనే పడిపోయినయి. నల్లగొండల ఒక షాపుల అడిగితే బోల్టులు లూజు గాకుండ పూసే ఎర్ర మందు (లాక్‌టైట్ అంటరు) సీసా చేతిల పెట్టి "ఇది పెడితే జన్మల ఊడది" అన్నడు. బ్లేడ్ల బోల్టులు 72 ఉంటే అన్నిటికీ పెట్టిన. సైడు గేరు కవరు బోల్టులకు పెట్టిన. మిగిలింది హెడ్‌లైటు స్క్రూలకు గూడ పూసిన. ఇప్పుడు బ్లేడ్లు అరిగినయి, మార్చుదామంటే నిజంగనే ఊడుతలేవు. నాలుగు బోల్టుల తలలు గుండ్రమైనయి. కవరు దగ్గర ఆయిల్ కారుతుంది, సీలు మార్చాలె. హెడ్‌లైటు ప్లాస్టిక్ పగిలింది. వెల్డింగు ఆయన గ్యాస్ పెట్టి కోసేద్దాం అంటున్నడు. ఎట్ల ఇప్పాలె? ఇంకోసారి ఏ మందు వాడాలె?

సమాధానం:

తమ్ముడూ, షాపాయన అబద్ధమేమీ ఆడలేదు. ఆయన గొప్పగా చెప్పిన ఆ మాటకే నువ్వు భయపడి సీసా తిరిగి ఇచ్చేయాల్సింది. బ్లేడు అంటేనే అరిగి మార్చే సామాను. దాన్ని పట్టుకునే బోల్టు జన్మలో ఊడకపోతే ఎట్లా?

అయినా చేయి దాటిపోయిందేం లేదు. గ్యాస్ కటింగ్ మాత్రం వద్దు. ఆ మంటకు ఫ్లాంజి, అంటే బ్లేడ్లు బిగించే ఇనుప పళ్లెం, వంకర పోతుంది, బోల్టు బెజ్జాలు కరిగి పెద్దవవుతాయి, చివరి ఫ్లాంజి దగ్గరైతే బేరింగు, ఆయిల్ సీలు కూడా మాడిపోతాయి. ఎర్ర మందు చల్లగా ఉన్నంతసేపే మొండిది. దానికి దాదాపు 250 డిగ్రీల వేడి తగిలితే మెత్తబడి పట్టు వదిలేస్తుంది. ఆ వేడి నట్టుకు తగిలిస్తే చాలు, ఏదీ కోయాల్సిన పని లేదు.

పని మొదలుపెట్టే ముందు రోటవేటర్‌ను లేపి కింద చెక్క దుంగలు పెట్టి దించు. హైడ్రాలిక్ మీద వేలాడదీసి కింద దూరకు. ఇంజన్ బంద్ చేసి తాళంచెవి జేబులో వేసుకో, ట్రాక్టరు నుంచి రోటవేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టు ఊడదీసెయ్. చుట్టుపక్కల వరిగడ్డి, డీజిల్ క్యాన్లు లేకుండా చూసుకో. ఒక బకెట్ ఇసుక దగ్గర పెట్టుకో. కాలిన మందు పొగ ఘాటుగా ఉంటుంది, కళ్లు మండుతాయి. కొట్టం లోపల వద్దు, ఆరుబయట గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చెయ్.

ముందు 72 బోల్టులనూ వేడి లేకుండానే ఒకసారి ప్రయత్నించు. నాకు తెలిసి సగం వాటికి మందు సరిగ్గా పట్టనే పట్టి ఉండదు. బురద, గ్రీజు, తుప్పు ఉన్న చూడీల (బోల్టు మరల) మీద పోస్తే అది ఇనుమును తాకదు, మట్టిని పట్టుకుంటుంది. ఆరు మూలల రింగు పానా వేసి, దానికి రెండడుగుల పైపు తొడిగి, కుదుపు లేకుండా నిదానంగా లాగు. బ్లేడ్లకు వేసే 12 ఎంఎం బోల్టు లావుగా ఉంటుంది కాబట్టి ఎర్ర మందు ఉన్నా చాలాసార్లు ఈ బలానికి లొంగుతుంది. చిన్న బోల్టులతో ఈ పని చేయకు. 6 ఎంఎం బోల్టయితే మందు వదిలేలోపే తల తెగి చేతికొస్తుంది.

లొంగనివాటికి వేడి. నట్టు ఒక పలకను ఆకురాయితో తెల్లగా మెరిసేదాకా రుద్దు. పైన జింకు పూత ఉంటే అది పోయి లోపలి ఇనుము కనబడాలి. ఆ మెరిసే పలకే నీకు థర్మామీటరు. బ్లో ల్యాంపు గానీ, వెల్డింగు ఆయన దగ్గరి గ్యాస్ టార్చిని చిన్న మంటగా పెట్టి గానీ నట్టు చుట్టూ తిప్పుతూ కాల్చు. కాసేపటికి పలక మీద లేత ఎండుగడ్డి రంగు వస్తుంది, అంటే 220, 230 డిగ్రీలు. అది గోధుమ రంగులోకి తిరిగిందంటే 250 దాటుతోంది. మంట తీసెయ్. నీలం వచ్చిందంటే 300 దాకా పోయావన్నమాట. 8.8 గ్రేడు (తల మీద రాసి ఉండే బలం గుర్తు) బోల్టును తయారు చేసేటప్పుడే 425 డిగ్రీలకు తగ్గకుండా వేడి చేసి ఉంటారు, కాబట్టి నీలం దాకా పోయినా దాని బలం పోదు. నిప్పులా ఎర్రబడిందంటే మాత్రం ఆ బోల్టు, నట్టు రెండూ పాత ఇనుము కిందే లెక్క. మళ్లీ బిగించకు.

మంట నట్టు మీద ఉండాలి, బోల్టు తల మీద కాదు. నట్టు వేడెక్కితే కొంచెం వ్యాకోచిస్తుంది, అదీ మనకే లాభం. రంగు రాగానే ఆలస్యం చేయకుండా పానా వెయ్. చల్లారనిస్తే మందు మళ్లీ బిగుసుకుంటుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కాల్చి, బీడీ ముట్టించుకుని, తీరిగ్గా పానా పట్టుకుంటారు. మరి ఊడమంటే ఎట్లా ఊడుతుంది? పట్టు సడలడం చేతికి తెలుస్తుంది. ముందు రాయిలా ఉంటుంది, తర్వాత పానా ఒక్కసారిగా పావు చుట్టు జారినట్టు తిరుగుతుంది, ఆ తర్వాత గింజలు నలిగినట్టు గరగరమంటూ వస్తుంది. ఆ గరగర ఎండిన మందు నలిగి పొడి అవుతున్న చప్పుడు. మధ్యలో ఆపకుండా చివరిదాకా తిప్పి తీసెయ్.

తలలు గుండ్రమైన ఆ నాలుగింటికి పెద్ద సైజు నట్టు తల మీద పెట్టి లోపలి నుంచి వెల్డింగు చేయించు. పానాకు కొత్త పట్టు దొరుకుతుంది, ఆ వెల్డింగు వేడికే మందు కూడా వదులుతుంది. వెల్డింగుకు ముందు ట్రాక్టరు బ్యాటరీ వైర్లు తీసెయ్, ఎర్తు క్లిప్పు అదే ఫ్లాంజికి పెట్టించు. ఎక్కడో ట్రాక్టరు బాడీకి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. వెల్డింగు కుదరకపోతే గ్రైండరుతో నట్టు ఒక పలకను బోల్టు చూడీల దాకా కోసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ వెయ్యి. నట్టు రెండుగా విచ్చుకుంటుంది. ఎట్లాగూ కొత్త బ్లేడ్లకు కొత్త బోల్టులే వేస్తావు కాబట్టి వాటిని కాపాడాలని తాపత్రయపడొద్దు.

సైడు గేరు కవరు సంగతి వేరు. అక్కడ ఆయిల్ ఉంది, అదీ కారుతూ ఉంది. మంట దగ్గరికి తీసుకురావద్దు. ఆయిల్ మొత్తం దించి, కవరు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, కరెంటు హీట్ గన్ వాడు. ఒక్కో బోల్టు తల మీద నాలుగైదు నిమిషాలు పట్టాలి. గేరు కేసు పోత ఇనుము కాబట్టి వేడిని లాగేసుకుంటూ ఉంటుంది, ఓపిక పట్టు. సీలు, ప్యాకింగు ఎట్లాగూ మారుస్తున్నావు, అవి మాడితే మాడనీ. తల తెగితే మాత్రం దాన్ని కెలకకుండా లేత్ పనోళ్ల దగ్గరికి తీసుకుపో.

నీ బాధ నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ ఈ పనే చేశాను. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో ఫిట్టరుగా ఉన్న కొత్తలో, జల్లెడ నడిపే పుల్లీకి ఉండే 6 ఎంఎం అలెన్ స్క్రూ రోజూ వదులవుతుంటే విసుగొచ్చి ఎర్ర మందు పోసి బిగించా. నాలుగు రోజులు నిమ్మళం. ఐదో రోజు బెల్టు తెగింది. పుల్లీ ఊడాలంటే ఆ స్క్రూ రావాలి. అలెన్ కీ లోపలే తిరిగి బెజ్జం గుండ్రమైపోయింది. వేడి సంగతి అప్పుడు నాకు తెలియదు, చెప్పేవాళ్లు లేరు. డ్రిల్లు పెట్టి తొలిచి, మళ్లీ ట్యాపుతో చూడీలు కోసేసరికి తెల్లారింది. గేటు బయట వడ్ల ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. పొద్దున యజమాని నన్నేమీ అనలేదు, స్క్రూ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ స్క్రూ తల బెజ్జంలో సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంటే దానంతట అదే వచ్చేది.

ఇక అసలు ఈ మందు ఏమిటో తెలిస్తే ఎక్కడ ఏది వాడాలో నీకే అర్థమవుతుంది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో ట్రినిటీ కాలేజీ రసాయన శాస్త్రం ప్రొఫెసరు వెర్నన్ క్రీబుల్ దీన్ని పనికొచ్చే రూపంలోకి తెచ్చాడు. లాక్‌టైట్ అన్న పేరు ఆయన కోడలు పెట్టింది. అది ఒక కంపెనీ పేరే, మన దగ్గర మాత్రం అన్ని కంపెనీల మందులనూ అదే పేరుతో పిలుస్తాం. మామూలు జిగురు గాలికి ఎండుతుంది. ఇది తిరకాసు, గాలి తగిలినంతసేపు నీళ్లలాగే ఉంటుంది. గాలి అందని చోట, ఇనుము తగులుతూ ఉంటే గట్టిపడుతుంది. నట్టు, బోల్టు చూడీల మధ్య సందు సరిగ్గా అట్లాంటి చోటు. సీసా నింపకుండా సగం ఖాళీ ఉంచేది అందుకే, మోసం కాదు, లోపల గాలి ఉండాలి. బోల్టు బయట పొంగిన మందు రెండు రోజులైనా తడిగానే ఉంటే నకిలీ అనుకోకు. దాన్ని గుడ్డతో తుడిచెయ్ అంతే.

ఇనుము, ఇత్తడి, రాగి మీద తొందరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, జింకు పూత బోల్టుల మీద నెమ్మది. మామూలుగా పది, ఇరవై నిమిషాల్లో కదలకుండా నిలబడుతుంది గానీ పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి. సాయంత్రం పెట్టి రాత్రికే సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదిలారని కరిగెటకు తోలావనుకో, మందు పచ్చిగానే ఉండి బోల్టు ఊగుతుంది.

రంగుల సంగతి. ఊదా రంగు అన్నిటికంటే మెత్తనిది, 6 ఎంఎం కంటే చిన్న స్క్రూలకు. మన వైపు అడిగితే చాలా షాపుల్లో మొహం చూస్తారు. నీలం మధ్యరకం, 6 నుంచి 20 ఎంఎం దాకా, మామూలు పానాతో ఊడుతుంది. నీలంలో లాక్‌టైట్ నంబరు 242 పాతది, 243 కాస్త నూనె జిడ్డు ఉన్నా పట్టుకుంటుంది, కాబట్టి మన మెకానిక్ పనికి 243 మేలు. ఎరుపు గట్టిది, మళ్లీ విప్పే పనిలేని స్టడ్లకు (తల లేని బోల్టులకు), లేదా కంపెనీ పుస్తకంలో ఫలానా బోల్టుకు పెట్టాలని రాసి ఉంటేనే. ఆకుపచ్చ దగ్గరే తికమక. 290 అని ఒక ఆకుపచ్చ ఉంది, అది బాగా పలచన, బిగించి ఉన్న నట్టు మీద చుక్క వేస్తే దానంతట అదే లోపలికి ఇంకుతుంది. 638 కూడా ఆకుపచ్చే, అది బేరింగును షాఫ్టుకు అతికించేది, బోల్టుకు పెట్టావంటే ఎరుపును మించి ఏడిపిస్తుంది. ఇంకో చిక్కు, లాక్‌టైట్ సీసా లోపల నీలం మందున్నా బయటికి ఎర్రగానే ఉంటుంది. కంపెనీ మారితే రంగులూ మారొచ్చు. అందుకే రంగు పేరు చెప్పి అడగొద్దు, నంబరు చెప్పి అడుగు. పది ఎంఎల్ సీసా చాలు. 12 ఎంఎం బోల్టుకు రెండు మూడు చుక్కలు, నట్టు కూర్చునే చోట మాత్రమే. నువ్వు 72 బోల్టులకు పోసి ఇంకా హెడ్‌లైటుకు మిగిలిందంటే పెద్ద సీసానే అంటగట్టి ఉంటాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న, నువ్వు అడగనిది. బ్లేడ్ల బోల్టులు ఎందుకు లూజవుతున్నాయి? 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ఒక యంత్రం పెట్టి చూపించాడు. బోల్టుకు అడ్డంగా కుదుపు తగిలి, పట్టుకున్న రెండు పలకలు ఒకదానిమీద ఒకటి జరిగితే నట్టు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. చెల్క నేలలో బ్లేడు రాయికి కొట్టుకున్న ప్రతిసారీ జరిగేది సరిగ్గా అదే. బిగువు చాలినంత ఉంటే పలకలు జరగవు, జరగకపోతే నట్టు తిరగదు. స్ప్రింగ్ వాషరు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ కుదుపుకు అది ఆగదు.

నువ్వు బ్లేడ్లు మార్చేటప్పుడు ఫ్లాంజికి ఎండిన మట్టి గీకి తీస్తావా? చాలామంది తీయరు. బ్లేడుకూ ఫ్లాంజికీ మధ్య ఒక పొర మట్టి, బ్లేడు మీద దళసరి రంగు ఉంటాయి. ఎంత బిగించినా గంటసేపు దున్నేసరికి ఆ పొర నలిగి పలచబడుతుంది, బిగువు పోతుంది. వైరు బ్రష్షుతో ఇనుము కనబడేదాకా రుద్దు. సాగిపోయిన బెజ్జాలుంటే ఆ ఫ్లాంజి మార్చు, దానికి ఏ మందూ లేదు. బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ రాసి ఉండాలి, ఏమీ రాయని బజారు బోల్టు వద్దు. 12 ఎంఎం 8.8 బోల్టుకు రోటవేటర్ పుస్తకంలో వేరే లెక్క లేకపోతే దాదాపు 85 న్యూటన్ మీటర్లు బిగించాలి. బిగువు కొలిచి చూపే టార్క్ రెంచి లేదా? అడుగు పొడవు పానా చివర 28, 29 కిలోల బలంతో లాగినట్టు. యూరియా బస్తా 45 కిలోలు కదా, అందులో సగం దాటి ఇంకొంచెం ఎత్తినంత బరువు చేతికి తెలియాలి. రెండు వేళ్లతో బిగించేవాడూ, పైపు తొడిగి తెంపేవాడూ ఇద్దరూ మన దగ్గరే ఉన్నారు.

కొత్త బ్లేడ్లు వేశాక మొదటి గంట దున్ని ఆపి, అన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. ఇక్కడే మందుకూ బ్లేడుకూ పొసగదు. మందు గట్టిపడిన నట్టును తర్వాత కొంచెం తిప్పినా లోపలి పట్టు విరిగిపోతుంది, విరిగిన మందు మళ్లీ అతుక్కోదు. మళ్లీ బిగించాల్సిన చోట మందు పెట్టకూడదు. అందుకే బ్లేడ్ల బోల్టులకు నీలం కూడా వద్దంటాను. లోపల నైలాన్ రింగు ఉండే కొత్త నైలాక్ నట్టులు వెయ్. బ్లేడు మార్చిన ప్రతిసారీ నట్టు కూడా మార్చు, ఒకసారి ఊడదీసిన నైలాన్ రింగుకు మునుపటి పట్టు ఉండదు.

సైడు కవరు బోల్టులకు మాత్రం 243 పెట్టుకో. ఆ బోల్టుల్లో కొన్నిటి కొసలు ఆయిల్ ఉన్న వైపుకు తేలుతుంటే మందు ఆయిల్ ఊరకుండా కూడా ఆపుతుంది. పాత ఎర్ర మందు అవశేషాలు చూడీల్లో తెల్లటి పొడిలా, పెచ్చుల్లా ఉంటాయి. బోల్టుకైతే వైరు బ్రష్షు, కేసు బెజ్జాలకైతే సరైన సైజు ట్యాపు ఒకసారి దింపి తీయాలి. తర్వాత థిన్నరుతో కడిగి, ఆరాక మందు పెట్టాలి. అడుగు మూసుకుపోయిన బెజ్జమైతే మందు బోల్టుకు కాదు, బెజ్జం అడుగున వెయ్యి. బోల్టుకు పూస్తే లోపలి గాలి దాన్ని పైకి నెట్టేస్తుంది. డ్రెయిన్ ప్లగ్గుకూ, చక్రాల నట్టులకూ ఎవరు చెప్పినా మందు పెట్టకు.

హెడ్‌లైటు పగిలింది నీ బిగింపు వల్ల కాదు, మందు వల్లే అయ్యుంటుంది. ఈ ద్రవం తగిలితే కొన్ని ప్లాస్టిక్కులు, ముఖ్యంగా ఏబీఎస్, పాలీకార్బొనేట్, బిగువు ఉన్న చోట సన్నగా చీలుతాయి. ప్లాస్టిక్ దగ్గర రబ్బరు వాషరు, నైలాక్ నట్టు చాలు. ఫెవిక్విక్ గురించి కూడా నువ్వు అడగబోతావు కాబట్టి ముందే చెబుతున్నా, అది వేరే జాతి జిగురు, గాలిలోని తేమకు గట్టిపడి గాజులా పెళుసవుతుంది, రాయి దెబ్బకు నిలవదు.

ఎర్ర సీసాలో ఇంకేమైనా మిగిలి ఉంటే పారేయకు, ఎప్పుడైనా స్టడ్డుకు పనికొస్తుంది. ట్రాక్టరు టూల్ డబ్బాలో మాత్రం పెట్టొద్దు, ఎండాకాలం అందులో చేయి పెట్టలేం, మందు చెడిపోతుంది. ఇంట్లో నీడ మూలన, పిల్లలకు అందకుండా ఉంచు. వాడేటప్పుడు సీసా ముక్కు బోల్టుకు ఆనించకు, అంటిన ఇనుప రజను లోపలికి పోతే సీసా మొత్తం గడ్డకడుతుంది. చేతికి అంటితే డీజిల్‌తో కాదు, సబ్బుతో కడుక్కో, కొందరికి దద్దుర్లు లేస్తాయి.

కొత్త బ్లేడ్లు బిగించి, మొదటి గంట తర్వాత రెండోసారి బిగించాక, ఒక తెల్ల పెయింటు డబ్బా తెచ్చుకుని ప్రతి నట్టు మీది నుంచి ఫ్లాంజి దాకా సన్నటి గీత గియ్. 72 గీతలు, అరగంట పని. ఒక్కో పొలం అయ్యాక గట్టు మీద ఆపి, బురద కడిగి చూస్తే ఏ గీత విరిగిందో ఆ నట్టు తిరిగినట్టు. పానా దానికి మాత్రమే వెయ్యి.